పద్నాలుగో కిలోమీటరు

దోమలపెంట దగ్గర కొండకు ఒక నోరుంది. దాదాపు పది మీటర్ల వెడల్పు. లోపలికి పట్టాలు, వాటి పక్కన తవ్విన మట్టిని బయటికి మోసే కన్వేయర్ బెల్టు, పైన గాలి గొట్టం. 2025 ఫిబ్రవరి 22, శనివారం పొద్దున షిఫ్టు వాళ్లను ఎక్కించుకుని లోకో బండి ఆ నోట్లోకి వెళ్లింది. వాళ్లు దిగాల్సింది పద్నాలుగో కిలోమీటరు దగ్గర. అంత లోపలికి పోయాక వెనక్కి తిరిగి చూస్తే వెలుతురు చుక్క కూడా కనిపించదు. జేబులో ఫోన్ ఉంటుంది గాని, అక్కడ అది గడియారానికీ టార్చికీ తప్ప దేనికీ పనికిరాదు.

చాలాకాలం ఆగిన పని మళ్లీ మొదలై అప్పటికి వారం కూడా కాలేదు. ఎదురుగా సొరంగం తొలిచే యంత్రం, పదిహేను వందల టన్నుల టీబీఎం. పైకప్పు నుంచి నీళ్లు కారుతున్నాయి. అది కొత్త సంగతి కాదు. శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగానికి ఊట పుట్టుకతో వచ్చిన జబ్బు. ఎనిమిదిన్నర దాటాక మాత్రం నీళ్లతో పాటు మట్టి రాలడం మొదలైంది. తర్వాత పెద్ద చప్పుడు. కాంక్రీటు సెగ్మెంట్లు ఊడి, కొండ కడుపులోని నీళ్లూ బురదా రాళ్లూ ఒక్కసారిగా యంత్రం మీద పడ్డాయి. అంత బరువు యంత్రాన్నీ ఆ వరద నిలవనివ్వలేదు.

వెనక వైపున్నవాళ్లు పరుగు అందుకున్నారు. మోకాళ్ల లోతు, నడుము లోతు నీళ్లలో తోసుకుంటూ లోకో దగ్గరికి చేరి, కిలోమీటర్ల కొద్దీ చీకట్లో ప్రయాణించి వెలుతుర్లో పడ్డారు. కొందరికి దెబ్బలు తగిలాయి. సొరంగం నోటి దగ్గర నిలబెట్టి లెక్క చూశారు.

ఎనిమిది మంది తక్కువ.

ఆ ఉదయం చిట్యాలలో, హైవే పక్క హోటల్లో టీవీ ముందు కూర్చున్నవాళ్లలో నేనూ ఉన్నాను. స్క్రీన్ మీద కింద పరుగెత్తే అక్షరాల్లో అంకె ఒకచోట ఆగడం లేదు. ఒక ఛానల్లో ఒకటి, ఇంకో ఛానల్లో ఇంకోటి. నా పక్కన మా చిన్న మేనమామ. గోదావరిఖనిలో ఏళ్ల తరబడి బొగ్గు బాయి దిగి, రిటైరై ఊరికొచ్చిన మనిషి. చాయ్ గ్లాసు కింద పెట్టి అడిగాడు: "ఏంది అల్లుడా, దీపాల లెక్క సూడరా ఆడ?"

నాకు అర్థం కాలేదు. తర్వాత చెప్పాడు. బాయి దిగే ముందు ల్యాంప్ రూమ్‌లో కొక్కేల వరుస ఉంటుంది. ప్రతి మనిషికీ ఒక నంబరు. టోకెన్ ఇచ్చి టోపీ దీపం తీసుకుంటాడు. షిఫ్టు దిగి వచ్చి దీపం ఇస్తే టోకెన్ తిరిగొస్తుంది. షిఫ్టు అయిపోయాక ఏ కొక్కెం ఖాళీగా ఉందో ఆ నంబరు మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. భూమి కింద ఏ క్షణాన ఎవరున్నారో చూపించే రిజిస్టరు ఉండాలని 1952 గనుల చట్టం కూడా చెప్పింది.

"మస్టర్ సూస్తె పేరొస్తది. కొక్కెం సూస్తె మనిషి లోపలున్నడా బయటున్నడా తెలుస్తది. లోపల యాడున్నడో మాత్రం తెల్వది. అది తెల్వాల్నంటె ఇంకో మనిషి పోవాలె" అన్నాడు మామ, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

ఎవరు అనేదానికి ఒక ఇత్తడి బిళ్ల చాలు. ఎక్కడ అనేదానికి ఉపగ్రహాలు ఎగరేసిన ఈ కాలంలోనూ సరైన జవాబు చేతికి రాలేదు. ఈ గాథంతా ఆ రెండు మాటల మధ్యనున్న ఖాళీలోనే జరిగింది.

ఆ సొరంగం గురించి చిట్యాలకు ఇంత ఆరాటం ఎందుకంటే, తవ్వుతున్నది మా జిల్లా కోసం గనక. శ్రీశైలం నీళ్లను కరెంటు ఖర్చు లేకుండా, మోటార్లతో ఎత్తిపోయకుండా, పల్లానికి పారే గుణంతోనే నల్లగొండకు తేవాలన్నది ఆ పథకం. ముప్పై టీఎంసీలు. ఫ్లోరైడ్ నీళ్లకు ఎముకలు వంకర్లు పోయిన మునుగోడు, మర్రిగూడ పల్లెల ఫోటోలు చూసినవాళ్లకు ఆ అంకె అంకెలా కనిపించదు. 2005లో పని అప్పజెప్పారు. రెండు వైపుల నుంచి తవ్వుకొస్తే 44 కిలోమీటర్లలో ఇంకా తొమ్మిదిన్నర చిల్లర మిగిలే ఉంది. పైన అమ్రాబాద్ పులుల అడవి కాబట్టి మధ్యలో ఎక్కడా బిలం దించే వీల్లేదు. లోపలికి దారి ఒకటే, బయటికి దారీ అదే. ఆ ఒక్క దారి చివర చిక్కుకున్న ఎనిమిది మందిలో తెలంగాణవాడు ఒక్కడూ లేడు. ఇద్దరు ఇంజనీర్లు ఉత్తరప్రదేశ్ వాళ్లు. యంత్రం నడిపేవాళ్లలో ఒకరిది పంజాబ్, ఒకరిది జమ్మూ కశ్మీర్. నలుగురు కూలీలు జార్ఖండ్ నుంచి వచ్చినవాళ్లు. మా నీళ్ల కోసం వచ్చినవాళ్లు.

ఎన్‌డీఆర్‌ఎఫ్ జవాన్లు ఆ రాత్రే లోపలికి వెళ్లారు. లోకో పోయినంత దూరం లోకో మీద. అది ఆగాక కన్వేయర్ బెల్టు మీద నడక. బెల్టు తెగిన చోట నీళ్లలో. పదమూడున్నర కిలోమీటర్ల దాకా చేరారు. అవతల దాదాపు రెండు వందల మీటర్లు బురద, ఇనుము, పగిలిన కాంక్రీటు కలిసి గోడ కట్టినట్టున్నాయి. అక్కడ నిలబడి వాళ్లు చేసింది, మనుషులు గుహల్లో ఉన్న కాలం నుంచీ చేస్తున్నదే. లోపలివాళ్లను పేరుపేరునా పిలిచారు. ఆగి, చెవులు రిక్కించారు. ఊట చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. మళ్లీ పిలిచారు.

తర్వాతి రోజుల్లో దోమలపెంటకు రాని సంస్థ లేదు. సైన్యం ఇంజనీర్లు, నౌకాదళం మార్కోస్ కమాండోలు, సింగరేణి రెస్క్యూ దళం, హైడ్రా, ఇనుము కోయడానికి రైల్వే వాళ్లు. 2023 నవంబర్‌లో ఉత్తరాఖండ్ సిల్క్యారా సొరంగంలో 41 మందిని పదిహేడో రోజున బయటికి తెచ్చిన ర్యాట్ మైనర్లు కూడా వచ్చారు. కానీ సిల్క్యారా వేరు. అక్కడ చిక్కుకున్నవాళ్లు శిథిలాల అవతల ఖాళీ సొరంగంలో బతికే ఉన్నారు. నాలుగంగుళాల పైపు గుండా మాటలు వినిపించాయి, మరమరాలు పంపారు. ఎక్కడున్నారో మొదటి రోజే తెలుసు. ఎలా తేవాలన్నదే అక్కడి ప్రశ్న. ఇక్కడ ఎక్కడున్నారన్న దగ్గరే పని ఆగిపోయింది.

హైదరాబాద్ నుంచి ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు జీపీఆర్ యంత్రం తెచ్చారు. భూమిలోకి రేడియో తరంగాన్ని పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వనిని గీతలుగా మార్చి చూపే రాడార్ అది. ఎండిన ఇసుకలో, పొడి మట్టిలో చక్కగా పనిచేస్తుంది. నీళ్లు నానిన బురదలో తరంగం కొద్ది దూరం పోయేసరికే ఇంకిపోతుంది. ఇనుము తగిలితే మాత్రం గట్టిగా తిరిగొస్తుంది. పదిహేను వందల టన్నుల యంత్రం ముక్కలై కలిసిపోయిన బురదలో మనిషి జాడ వెతకడమంటే, జాతరలో మైకుల హోరు మధ్య పసిబిడ్డ ఏడుపు కోసం వెతకడమే. మార్చి మొదట్లో జాడ దొరికిందన్న వార్త గుప్పుమంది. గుర్తు పెట్టిన చోట్ల తవ్వారు. తగిలింది లోహం.

చిట్యాల హోటల్లో ఆ రోజు చాయ్ తాగేవాళ్లలో కొందరు శాస్త్రవేత్తలను తిట్టారు. నాకది అన్యాయం అనిపించింది. రాడార్ అబద్ధం చెప్పలేదు. "ఇక్కడేదో ఉంది" అన్నది, ఉంది. అది మనిషేనని ఆశపడింది మనం.

చివరికి జాడ చెప్పింది ముక్కు. మార్చి మొదటి వారం ముగిసేసరికి కేరళ పోలీసుల కుక్కలు వచ్చాయి. బెల్జియన్ మాలినోయ్ జాతి. శవాల వాసన పట్టడానికే తర్ఫీదు పొందినవి, వయనాడ్ కొండచరియల కింద పనిచేసినవి. వాటినీ లోకో ఎక్కించి, పదమూడు కిలోమీటర్లు తీసుకెళ్లి, బురద అంచున దించారు. అవి ఆగిన చోట్ల జెండాల్లాంటి గుర్తులు పెట్టి, డీ1, డీ2 అని పేర్లు రాసుకున్నారు. ఆ చుట్టుపక్కల తవ్వగా మార్చి 9న మొదటి దేహం దొరికింది. యంత్రం నడిపే పంజాబ్ మనిషి. పన్నెండున్నర వేల మైళ్ల ఎత్తునున్న ఉపగ్రహం చెప్పలేనిది, రెండడుగుల ఎత్తునున్న ముక్కు చెప్పింది. మార్చి 25న రెండో దేహం, ఇద్దరు ఇంజనీర్లలో ఒకరిది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఇంతసేపూ చిక్కుకున్న ఎనిమిది మంది గురించే మాట్లాడుతున్నాం. లోపలికి వెతకబోయిన వందలాది మంది మాటేమిటి? పదికి పైగా సంస్థలు, షిఫ్టుల మీద షిఫ్టులు. నిమిషానికి వేల లీటర్ల ఊట. పైకప్పు ఎప్పుడు మళ్లీ జారుతుందో తెలియదు. మామ చెప్పిన రెండో ముక్క ఇదే: మనిషెక్కడున్నాడో తెలియాలంటే ఇంకో మనిషి పోవాలి. ఆ ఇంకో మనిషి ఎక్కడున్నాడో ఎవరు చూస్తారు?

ఈ ప్రశ్నకు జవాబు కోసం దూరం పోనక్కర్లేదు. దోమలపెంటకు కొద్ది దూరంలోనే ఇంకో బిలం ఉంది. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రం. ఒక్కోటి 150 మెగావాట్ల చొప్పున ఆరు యూనిట్లు. పేరుకు కేంద్రం గాని, నిజానికి కొండ లోపల కట్టిన అంతస్తుల భవనం. కిటికీల్లేని భవనం.

2020 ఆగస్టు 20 రాత్రి. కృష్ణ నిండుగా పారుతోంది, విద్యుదుత్పత్తి జోరు మీదుంది. బ్యాటరీలు మార్చే పని కూడా జరుగుతోంది. పదిన్నర ప్రాంతంలో ప్యానెళ్ల దగ్గర నిప్పు లేచింది. కొందరు సొరంగ మార్గం గుండా బయటపడ్డారు. మిగిలినవాళ్లు ఆర్పే ప్రయత్నంలో పడ్డారు. ఇంజనీర్లు వాళ్లు, ప్లాంట్ అటెండెంట్లు, బ్యాటరీ కంపెనీ పనివాళ్లు. ఫైర్ సిబ్బంది కాదు. కానీ ఆ గంటలో ఆ భవనానికి ఫైర్ సిబ్బంది వాళ్లే. ముందు కరెంటు పోయింది, తర్వాత పొగ కమ్మింది. కొండ లోపలి పొగకు పోయే దారి ఉండదు. బయటి నుంచి వచ్చిన సహాయ బృందాలు లోపలికి పోబోయి, పొగ తట్టుకోలేక వెనక్కి వచ్చాయి. లోపలున్నవాళ్లు ఏ అంతస్తులో ఉన్నారో, మెట్ల మీదున్నారో, అత్యవసర ద్వారం వైపు వెళ్లారో చెప్పే గుర్తు ఒక్కటీ బయట లేదు. పక్క రోజు ఒక్కొక్కరే దొరికారు. తొమ్మిది మంది. ఏడుగురు జెన్‌కో వాళ్లు, ఇద్దరు బ్యాటరీ కంపెనీ వాళ్లు.

పొగలో మనిషి ఎలా తప్పిపోతాడో చూడనివాళ్లకు చెప్పడం కష్టం. కళ్లు మూసుకుని మీ ఇంట్లోనే వంటగది నుంచి వీధి వాకిలికి పాకుతూ వెళ్లి చూడండి. రోజూ తిరిగే ఇల్లే. మూడో మూల దగ్గర దిక్కు తప్పుతుంది. దానికి వేడి కలపండి, చెవుల్లో సైరన్ కలపండి, వీపు మీద గాలి సిలిండర్ కలపండి. ఆ సిలిండర్ అరగంటకు అటూఇటూ వస్తుంది. గాలి అడుగంటుతుంటే ఈల మోగుతుంది.

అమెరికాలో వూస్టర్ అనే ఊళ్లో 1999 డిసెంబర్ 3న పాత కోల్డ్ స్టోరేజీ గోదాముకు నిప్పంటుకుంది. దానికీ కిటికీలు దాదాపు లేవు. లోపల నిలువ నీడలేనివాళ్లు తలదాచుకుంటున్నారని విని ఇద్దరు ఫైర్‌మెన్ వెతకబోయారు. వాళ్లు దారి తప్పారు. ఆ ఇద్దరి కోసం ఇంకో నలుగురు వెళ్లారు. ఆరుగురూ తిరిగి రాలేదు. లోపల ఉంటారనుకున్నవాళ్లు మంటలు పెరగకముందే బయటికి వెళ్లిపోయారని తర్వాత తేలింది. ఆఖరి దేహం దొరికేసరికి ఎనిమిది రోజులు. ఆ ఊళ్లోనే ఉన్న పాలిటెక్నిక్ ఇన్‌స్టిట్యూట్ ఆచార్యులకు అది సొంతింటి చావు. భవనం లోపల మనిషెక్కడున్నాడో బయటి బండిలో కూర్చున్న అధికారికి చూపించే పరికరం చేయాలని అప్పటి నుంచి ఏళ్ల తరబడి కుస్తీ పట్టారు. ప్రపంచంలోని మిగతా పరిశోధకులనూ పిలిచి ఏటేటా సదస్సులు నడిపారు.

కుస్తీ ఎందుకంటే, జీపీఎస్ ఆకాశంలో ఇరవై వేల కిలోమీటర్ల పైనుంచి వచ్చే సన్నని గొంతు. మంచి స్లాబు రెండు అంతస్తులు అడ్డమొస్తేనే వినపడదు, కొండ సంగతి చెప్పేదేముంది. ఫోన్ టవరు చెబుతుందా అంటే, 2023 జనవరి 19న సికింద్రాబాద్ నల్లగుట్టలో డెక్కన్ మాల్ కాలినప్పుడు ఆచూకీ లేని ముగ్గురి ఫోన్ల జాడ ఆ భవనం దగ్గరే చూపించింది. ఏ అంతస్తు, ఏ గది అన్నది చూపించలేదు. డ్రోన్ ఎగరేసి కిటికీల్లోంచి చూశారు.

మరో దారి బూటు. బూటు మడమలో కదలికలు కొలిచే చిన్న పరికరం పెడతారు. ఎన్ని అడుగులు, ఎటు మలుపు అని అది లెక్క కట్టుకుంటూ పోతుంది. ప్రతి అడుగుకూ కొంచెం తప్పు, ఆ తప్పు పోగవుతుంది. దానికొక ఉపాయం కనిపెట్టారు: నడిచేటప్పుడు పాదం నేలకానిన ఆ రెప్పపాటులో వేగం సున్నా అని పరికరానికి తెలుసు కాబట్టి, అప్పటిదాకా చేరిన తప్పును అక్కడ సరిదిద్దుకుంటుంది. ఎంత ముచ్చటైన ఆలోచన! కానీ మంటల్లో ఫైర్‌మ్యాన్ నడవడు. పాకుతాడు, జారతాడు, గొట్టం ఈడుస్తాడు. అంతస్తు తెలుసుకోవడానికి గాలి పీడనం కొలుద్దామంటే నిప్పు వేడి ఆ పీడనాన్నే మారుస్తుంది. నాసా జెట్ ప్రొపల్షన్ ల్యాబ్ వాళ్లు పాయింటర్ అనే పద్ధతి చేశారు. రేడియో బదులు గోడలు అడ్డుకోలేని తక్కువ పౌనఃపున్యపు అయస్కాంత క్షేత్రంతో మనిషి జాడ పడుతుంది. ఆశ ఉన్న దారి, ఇంకా ప్రతి ఫైరింజన్ మీదికీ రాలేదు.

ఇదంతా ముందెన్నడూ అడుగు పెట్టని భవనం సంగతి. ఏళ్ల తరబడి మనమే తవ్వుతున్న సొరంగం, మనమే కట్టిన విద్యుత్ కేంద్రం వేరు. లోపల ఎక్కడ ఏముందో ముందే తెలిసినచోట ప్రతి కొన్ని వందల మీటర్లకూ ఒక రీడరు బిగించి, టోపీలో ఒక ట్యాగ్ పెడితే, ఫలానా మనిషి ఫలానా రీడరు దాటాడని బయట బోర్డు మీద పడుతుంది. ఇది ఊహ కాదు. 2006 జనవరి 2న అమెరికాలో సాగో బొగ్గు గని పేలి పదమూడు మంది చిక్కుకున్నారు. పన్నెండు మంది బతికారన్న తప్పుడు కబురు బయటికొచ్చి, చర్చి గంటలు మోగి, కొన్ని గంటలకే ఒక్కడే బతికాడని తెలిసింది. ఆ ఏడాదే చట్టం తెచ్చారు. గని లోపలి మనుషుల జాడను ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఎప్పటికప్పుడు బయట చూపాలన్నది అందులో ఒక షరతు.

అంత కూడా అక్కర్లేదు కొన్నిసార్లు. 1958లో లండన్ స్మిత్‌ఫీల్డ్ మాంసం మార్కెట్ నేలమాళిగలో మంటలార్పబోయి ఇద్దరు దారి తప్పి చనిపోయారు. ఆ తర్వాత బ్రిటన్‌లో ఒక బోర్డు పద్ధతి గట్టిపడింది. గాలి సిలిండర్ తగిలించుకున్న ప్రతివాడూ తన పేరు, సిలిండర్ పీడనం, లోపలికి పోయిన టైము రాసిన బిళ్లను వాకిట్లో బోర్డుకు గుచ్చి పోవాలి. బోర్డు ముందు ఒకడు గడియారం పట్టుకుని నిలబడతాడు. అతనికి వేరే పని ఉండదు. ఫలానావాడి గాలి ఫలానా నిమిషానికి అయిపోతుందని లెక్క కట్టి, ఆలోపు రాకపోతే కేక వేయడమే ఆయన ఉద్యోగం. మామకు ఈ బోర్డు గురించి చెబితే, "మా ల్యాంప్ రూమే గదా అల్లుడా, పేరే మారింది" అని నవ్వాడు.

ఏప్రిల్ ఆఖరుకు దోమలపెంటలో వెతుకులాట ఆపేశారు. చివరి కొన్ని పదుల మీటర్లలో అడుగు పెడితే వెతికేవాళ్లే చిక్కుకునే ప్రమాదం ఉందని నిపుణులు చెప్పారు. అక్కడ కంచె వేశారు. నా లెక్కలో ఆ కంచె సరైనదే. వూస్టర్లో ఇద్దరి వెనక నలుగురు పోయినట్టు ఇక్కడ పోకుండా ఆపింది. కానీ జార్ఖండ్‌లో, ఉత్తరప్రదేశ్‌లో, జమ్మూలో ఎదురుచూసే ఇళ్లకు ఆ మాట ఎవరు ఏ నోటితో చెబుతారు?

మామ ఇప్పుడు ఆ వార్తలు చూడడం మానేశాడు. మొన్న మాత్రం తన పాత ఇనప్పెట్టె తెరిచి ఒక బిళ్ల తీసి నా చేతిలో పెట్టాడు. రూపాయి బిళ్లంత ఉంది, అంచులు అరిగి నున్నగా అయ్యాయి. నడుమ నంబరు. పైన చిన్న చిల్లు, కొక్కేనికి తగిలించడానికి.

2025 నవంబర్ మొదట్లో సొరంగం పని మళ్లీ మొదలుపెట్టే ముందు, భూమి పొరలు చూడడానికి ఎన్‌జీఆర్‌ఐ హెలికాప్టర్ సర్వే మొదలైంది. మన్నెవారిపల్లి నుంచి హెలికాప్టర్ లేచింది. కింద పెద్ద చక్రం లాంటి పరికరం వేలాడదీసుకుని నల్లమల మీద వరుసలు వరుసలుగా తిరిగింది. భూమి లోపల ఎక్కడ పగుళ్లున్నాయో, ఎక్కడ నీళ్లున్నాయో దానికి తెలుస్తుంది. ఆ కొండ కింద, కంచెకు అవతల, ఆరుగురున్నారు.